బాగున్న రోజుల్లో వేసే పంపే అసలు మందు

చిరంజీవి సౌభాగ్యవతి పద్మకు పెద్దమ్మ ఆశీస్సులు.

బాబుకి ఉబ్బసమేనని డాక్టరు తేల్చారనీ, రెండు పంపులూ, అంటే ఇన్‌హేలర్లూ, ఎప్పుడు ఏం చేయాలో రాసిన ఒక ప్లాన్ కాగితమూ ఇచ్చి పంపారనీ రాశావు. రెండు వారాలు వేశాక దగ్గు తగ్గింది కదా, రోజూ వేసే పంపు ఇంక ఆపేయొచ్చా అని అడిగావు. ఆపొద్దమ్మా. చాలా ఇళ్లలో ఉబ్బసం అదుపు తప్పేది సరిగ్గా ఇక్కడే.

ఉబ్బసంలో గాలి గొట్టాల లోపలి పొర ఎప్పుడూ ఎంతో కొంత వాచి ఉంటుంది. నీలం పంపులో ఉండే సాల్బుటమాల్ ఆ గొట్టాల చుట్టూ బిగుసుకున్న కండరాన్ని ఐదు పది నిమిషాల్లో సడలిస్తుంది. దాని బలం నాలుగైదు గంటలే, వాపు జోలికి మాత్రం పోదు. వాపు తగ్గించేది రెండోది, స్టెరాయిడ్ పంపు. అది రోజులూ వారాలూ తీసుకుని పనిచేస్తుంది, ఆపిన కొన్నాళ్లకి వాపు మళ్లీ వస్తుంది. స్టెరాయిడ్ అనగానే నీకు భయం వేసిందని తెలుసు. పంపులో కొలత మైక్రోగ్రాముల్లో ఉంటుంది, మాత్రలో మిల్లీగ్రాముల్లో. వెయ్యి మైక్రోగ్రాములైతే ఒక మిల్లీగ్రాము. ఎత్తు మీద కొద్దిపాటి ప్రభావం ఉండొచ్చు కాబట్టి ఆరు నెలలకోసారి ఎత్తు కొలిపించు. మూడు నెలలు పూర్తిగా అదుపులో ఉంటే డోసు తగ్గించాలా వద్దా అన్నది డాక్టరే చూస్తారు.

పంపుల రంగులు కంపెనీని బట్టి మారతాయి, రంగును నమ్ముకోకు. మార్కర్‌తో ఒకదాని మీద ‘రోజూ’, ఇంకోదాని మీద ‘ఆయాసానికి’ అని రాయి. వాడటం మొదలెట్టిన తేదీ కూడా వెయ్యి. 200 పఫ్‌ల (నొక్కుల) పంపు పూటకి రెండు చొప్పున రోజుకి నాలుగు వాడితే 50 రోజులకి అయిపోతుంది. ఆ తర్వాత నొక్కినా బుస్సుమంటూనే ఉంటుంది గానీ అందులో మందు ఉండదు. ఊపి చూసో, నీళ్లలో వేసి చూసో తెలుసుకునేది కాదది, లెక్కే ఆధారం.

ఇక వేసే తీరు. మందు పనిచేయట్లేదు అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది. స్పేసర్, అదే పంపుకి బిగించే ప్లాస్టిక్ గొట్టం, లేకుండా నోట్లో కొడితే మందులో ఎక్కువ భాగం గొంతు వెనక తగిలి అక్కడే ఆగిపోతుంది. పిల్లాణ్ణి నిటారుగా కూర్చోబెట్టు. పంపు మూత తీసి బాగా ఊపి స్పేసర్‌కి బిగించు. ముందు ఊపిరంతా వదలమను. మౌత్‌పీస్ పళ్ల మధ్య పెట్టుకుని పెదాలు సందు లేకుండా మూయాలి. అప్పుడు ఒక్కసారి నొక్కు. వాడు నెమ్మదిగా, లోతుగా పీల్చి పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. ఆయాసంలో ఉన్నప్పుడు బిగబట్టలేడు, అప్పుడు స్పేసర్ నోట్లోనే ఉంచి మామూలుగా ఐదారుసార్లు పీల్చి వదిలితే చాలు. రెండో పఫ్‌కి అర నిమిషం ఆగి మళ్లీ ఊపి కొట్టు. త్వరగా అయిపోతుందని రెండూ ఒకేసారి కొడితే మందు స్పేసర్ గోడలకే పట్టేస్తుంది.

రోజువారీ పంపు పొద్దునా రాత్రీ పళ్లు తోముకోవడానికి ముందు వేయి. ఎలాగూ పుక్కిలించి ఉమ్మేస్తాడు. లేకపోతే నాలుక మీద తెల్లటి పూత వస్తుంది. స్పేసర్‌ని వారానికోసారి గోరువెచ్చటి నీళ్లలో చుక్క సబ్బు వేసి ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా ఆరనివ్వు. తుడిస్తే ప్లాస్టిక్‌లో విద్యుత్తు పుట్టి మందుని తనవైపు లాగేసుకుంటుంది.

ఊపిరి ఎంత జోరుగా వదలగలడో కొలిచే పీక్ ఫ్లో మీటర్ కొన్నావు కదా, రెండు వారాలు బాగున్న రోజుల్లో పొద్దునా సాయంత్రం మందుకి ముందు ఊదించు. ముల్లు సున్నాకి తెచ్చి, నిలబెట్టి, నిండా గాలి పీల్చి ఒక్క ఉదుటున ఊదమను. మూడుసార్లు ఊదించి వాటిలో పెద్ద అంకె రాయి. ఆ రెండు వారాల్లో వచ్చిన అన్నిటికన్నా పెద్ద అంకె 300 అనుకో, 240 పైన ఉంటే ఆకుపచ్చ, అంటే బాగున్నట్టు, 240 నుంచి 150 దాకా పసుపు, 150 కన్నా తగ్గితే ఎరుపు. వాడు ఎదిగేకొద్దీ అంకె మారుతుంది, మళ్లీ కొలవాలి.

పసుపులోకి వస్తే, లేదా రాత్రి దగ్గుతో లేస్తే, నీలం పంపు కాగితంలో రాసినన్ని పఫ్‌లు, మామూలుగా 2 నుంచి 4, వేసి ఇరవై నిమిషాలు చూడు. నాలుగు గంటల లోపే మళ్లీ కావాల్సివస్తే అదే రోజు డాక్టరుకి చూపించు. మొత్తం మీద నీలం పంపు వారంలో రెండు రోజులకి మించి అవసరమైతే అదుపు తప్పుతున్నట్టే. క్యాలెండర్‌లో ఆ రోజులకి చుక్క పెట్టు.

ఎరుపుని మీటర్‌తో తేల్చుకుంటూ కూర్చోకు. డొక్కలు ఎగరేస్తున్నా, గొంతు కింద గుంట పడుతున్నా, ఒక మాట పూర్తిచేయలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా 108కి ఫోన్ చెయ్యి. పడుకోబెట్టకుండా నిటారుగా కూర్చోబెట్టి, ఒక్కొక్కటిగా ఆరు పఫ్‌లు స్పేసర్‌తో వేయి, బండి వచ్చేదాకా ఇరవై నిమిషాలకోసారి వేస్తూ ఉండు. అంత ఆయాసంలో పిల్లికూతలు వినపడటం మానేస్తే తగ్గిందనుకోకు, లోపలికి గాలే పోవట్లేదన్నమాట.

ఇంట్లో దోమల చుట్టలు, అగరొత్తులు, సాంబ్రాణి పొగ పూర్తిగా మానేయండి. ఎండుమిరపకాయల పోపు పెట్టేటప్పుడు వంటింటి తలుపు వేసి కిటికీ తెరువు. దిండు గలీబులూ దుప్పట్లూ వారానికోసారి వేడినీళ్లలో ఉతికించు. పెరుగూ అరటిపండూ మాన్పించకు, తిన్న ప్రతిసారీ తేడా చేస్తే తప్ప వాటికీ ఉబ్బసానికీ సంబంధం లేదు. ఆటలూ మాన్పించకు, పరిగెత్తితే ఆయాసం వస్తుంటే ఆటకి ముందు నీలం పంపు వేయాలా అని డాక్టర్ని అడుగు.

జూన్‌లో మృగశిర కార్తెకి నాంపల్లిలో చేపమందు వేయిద్దామని మీ అత్తగారు అంటున్నారన్నావు. అది ఉబ్బసం తగ్గిస్తుందని రుజువు లేదమ్మా. ఆవిడతో గొడవపడకు గానీ, ఊపిరాడని పిల్లాడి గొంతులో బతికున్న చేపపిల్లని వేయించడం నాకు భయం. దాని పేరుతో రోజువారీ పంపు ఒక్కపూట కూడా ఆగకూడదు.

ప్లాన్ కాగితం ఫ్రిజ్ మీద అంటించి, ఒక నకలు, ఒక నీలం పంపు, ఒక స్పేసర్ బడిలో టీచరు దగ్గర ఉంచు. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మీటర్ అంకెల పుస్తకంతో పాటు స్పేసర్ కూడా పట్టుకెళ్లు. వాడి చేత ఆయన ముందే ఒక పఫ్ వేయించి చూపించు.

మీ పెద్దమ్మ