ఉదయగిరి కొండ ఎక్కితే ఏం చూడొచ్చు?

నెల్లూరు జిల్లాలో అడవిదారిన నడిచి, యుద్ధాలు చూసిన కోటకు చేరాలంటే ఎక్కడికి వెళ్లాలని అడిగారు. ఉదయగిరి దుర్గం ఎక్కండి. నెల్లూరు నుంచి సుమారు 100 కిలోమీటర్లు.

1513లో ఒడిశాను ఏలిన గజపతి రాజుల చేతిలో ఉన్న ఈ కోటను శ్రీకృష్ణదేవరాయలు ముట్టడిస్తే, లొంగడానికి దాదాపు ఏడాదిన్నర పట్టింది. సైన్యం గోడల దాకా చేరడానికి బండలు పగలగొట్టించి బాటలు వేయించాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. అందుకే నాకైతే కోట కన్నా ఆ కొండదారే ముఖ్యం. గెలిచాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి, గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు.

పైన పాత మసీదులూ ఉన్నాయి. తెల్లవారుతూనే ఎక్కడం మొదలుపెట్టండి. రాళ్లు కదిలిన చోట కాలు జారుతుంది, పక్కనుంచి ముళ్లకంప బట్ట పట్టుకుంటుంది. నీళ్లు మోసుకెళ్లండి, ఊరివాళ్లలో ఒకరిని తోడు తీసుకోండి.