కార్వర్ కథలో కత్తెర ఎవరిది?

ప్రశ్న: అమెరికన్ కథకుడు రేమండ్ కార్వర్ కథ ఒకటి రెండు పుస్తకాల్లో రెండు రకాలుగా కనిపించింది. పుట్టినరోజున పిల్లాణ్ని కారు గుద్దుతుంది. ఒక పుస్తకంలో చివర ఫోను మోగుతుంది, అంతటితో సరి. ఇంకోదాంట్లో పిల్లాడు చనిపోతాడు, కథ చాలా దూరం సాగుతుంది. పొట్టి కథను ఆయనే తర్వాత పెంచారా?

జవాబు: ముందు రాసింది పెద్దదే. 1980లో కార్వర్ ఇచ్చిన 17 కథల రాతప్రతిలో ఎడిటర్ గోర్డన్ లిష్ సగానికి పైగా కొట్టేశారు. ఈ కథలోనైతే మిగిలింది పావు వంతు కూడా లేదు. పేరు కూడా మార్చి ‘ది బాత్’ అని పెట్టారు. పుస్తకం ఆపమని బతిమాలుతూ ఆ జులై 8న కార్వర్ ఉత్తరం రాశారు. ఆగలేదు. 1981లో ‘వాట్ వి టాక్ అబౌట్ వెన్ వి టాక్ అబౌట్ లవ్’గా అది బయటికొచ్చింది. చిత్రమేమిటంటే, ఆయనకు పెద్ద పేరు తెచ్చింది ఆ పుస్తకమే. పెద్ద కథ 1983లో ‘కెథీడ్రల్’ సంపుటిలో ‘ఎ స్మాల్, గుడ్ థింగ్’గా వచ్చింది.

తేడా అంతా బేకరీవాడి దగ్గరుంది. తల్లి ఆర్డరిచ్చిన కేకు ఎవరూ తీసుకెళ్లలేదు. 16 డాలర్ల కోసం అతను ఇంటికి ఫోన్లు చేస్తుంటాడు. పొట్టి కథలో అతను ఉత్త గొంతు, వింటే భయం వేస్తుంది. పెద్ద కథలో ఆ దంపతులు అర్ధరాత్రి కోపంగా బేకరీకి వెళ్తారు. విషయం తెలిశాక అతను వాళ్లను కూర్చోబెట్టి, క్షమించమని అడిగి, పొయ్యిలోంచి తీసిన వేడి వేడి బన్నులు పెడతాడు. మా ఓటు దీనికే. అలాగని లిష్ పెన్సిల్ అన్నిటినీ పాడుచేసిందనలేం. 1988లో తన కథలు తానే ఏరి వేసుకున్నప్పుడు, 1981 సంపుటికి పేరిచ్చిన కథను కార్వర్ లిష్ కుదించిన రూపంలోనే ఉంచారు.

ప్రశ్న: కొట్టివేతలు లేని కథలు ఎక్కడ దొరుకుతాయి? ఎలా పోల్చి చదవాలి?

జవాబు: 2009లో వచ్చిన ‘బిగినర్స్’ తెచ్చుకోండి. అందులో అదే పేరున్న కథతో మొదలుపెట్టండి. 1981 సంపుటికి పేరిచ్చిన కథకు కోత పడని రూపం ఇదే. 1981 పుస్తకంలో డాక్టరు పేరు మెల్, ఇక్కడ హెర్బ్. మీ చేతిలో ఉన్నది ఏ రూపమో పోల్చుకోవడానికి ఇదే సులువైన గుర్తు. కారు ప్రమాదంలో గాయపడిన ముసలి దంపతుల ఉదంతం ఇక్కడ ఎంత విస్తారంగా ఉందో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. పొట్టిదే ముందు చదవండి. పెద్దది ముందు చదివితే, పొట్టిదాంట్లో లేని మాటలను మీ బుర్రే పూరించేస్తుంది, కోత ఎక్కడ పడిందో తెలియదు.

ప్రశ్న: కార్వర్ నవల ఎందుకు రాయలేదు?

జవాబు: 20 ఏళ్లకే ఇద్దరు పిల్లలు. రంపపు మిల్లులో పని, ఆసుపత్రిలో రాత్రిపూట ఊడ్చే ఉద్యోగం. ఒక్కసారి కూర్చుంటే ముగిసి, తొందరగా డబ్బు తెచ్చేవే రాయగలిగానని ఆయనే ఒక వ్యాసంలో చెప్పుకున్నారు.