రహీమ్ సాబ్ మీద వ్యాసం రాస్తున్న కుర్రాడికి

చిరంజీవికి,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. సయ్యద్ అబ్దుల్ రహీమ్ గురించి రాయాలన్న ఆలోచనే నాకు నచ్చింది. హైదరాబాద్‌లో పుట్టి, బడిపంతులుగా పనిచేసి, మన ఫుట్‌బాల్ జట్టుకి రెండు ఆసియా క్రీడల స్వర్ణాలు సాధించిపెట్టిన మనిషి. తెలుగులో ఆయన మీద వచ్చింది తక్కువే.

అయితే నీ మొదటి పేజీ చదువుతుంటే కప్పులు సర్దిన అద్దాల బీరువా ముందు నిలబడ్డట్టుంది. 1951 ఢిల్లీ స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా స్వర్ణం, ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు గెలిచిన బొంబాయి రోవర్స్ కప్పు. లెక్కల్లో తప్పేమీ లేదు. కానీ ఇన్ని గెలుపుల మధ్య రహీమ్ ఏం చేశారో ఎక్కడా కనబడలేదు. గోల్ కొట్టేది ఆటగాడు, ఆపేది ఆటగాడు. కోచ్ పని అంతా రెండు మ్యాచ్‌ల మధ్యనే. ముఖ్యంగా ఓడిన మ్యాచ్ తర్వాత ఆయన ఏం మార్చారన్నది పట్టుకుంటే మనిషి దొరుకుతాడు.

హెల్సింకి సంగతే చూడు. 1952 ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయాం. దాన్ని నువ్వు 'ఒక చేదు అనుభవం మినహా' అని సగం వాక్యంలో దాటేశావు. నీ వ్యాసానికి ఆయువుపట్టు అదేనయ్యా! ముందటి ఏడాదే ఢిల్లీలో ఇరాన్‌ని 1-0తో ఓడించి ఆసియా స్వర్ణం గెలిచిన కోచ్ ఆయన. ఆ ఫిన్లండ్ చలిలో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా దిగారు. బూట్లు తప్పనిసరి అన్న నియమం ఆ దెబ్బ తర్వాతే వచ్చింది. నాలుగేళ్లు తిరిగేసరికి మెల్‌బోర్న్ సెమీఫైనల్లో మళ్లీ అదే యుగోస్లావియా. ఈసారి నెవిల్ డిసౌజా ముందు గోల్ కొట్టాడు, మనవాళ్లే ఆధిక్యంలోకి వెళ్లారు. చివరికి 4-1తో ఓడారనుకో. అయినా పది గోల్స్ నుంచి నాలుగుకి, అదీ ముందు మనమే గోల్ కొట్టి. ఈ నాలుగేళ్లలో ఏం జరిగిందో రాయి. కథ కోసం వేరే వెతుక్కోనక్కర్లేదు.

మెల్‌బోర్న్ దగ్గరే ఇంకో మాట. సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే, నిజమే. కానీ ఆ పోటీకి వచ్చినవి 11 జట్లే. మొదటి రౌండ్‌లో మనతో ఆడాల్సిన హంగరీ రాకపోవడంతో వాకోవర్ దొరికింది. మనవాళ్లు గెలిచింది ఒక్క మ్యాచే, డిసౌజా హ్యాట్రిక్‌తో ఆస్ట్రేలియా మీద 4-2. ఇది రాస్తే ఆయన స్థాయి తగ్గుతుందని నీ భయమేమో. తగ్గదు. రాయకపోతే మాత్రం తెలిసినవాడు ఎవడో ఒకడు పట్టుకుంటాడు, ఆ తర్వాత నువ్వు రాసిన నిజాలు కూడా నమ్మడు. బ్రెజిల్ వాళ్లు 4-2-4 పద్ధతి (వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు) రహీమ్‌ని చూసే నేర్చుకున్నారన్న వాక్యం కొట్టెయ్. ఆ పద్ధతిని ఆయన తొందరగా అందిపుచ్చుకున్నారని చెబితే చాలు, అది చిన్న విషయమేం కాదు. మన ఊరివాడిని పెద్ద చేయాలన్న తాపత్రయంలో ఇలాంటివి దొర్లుతుంటాయి.

నీ వ్యాసంలో 'అద్భుతమైన శిక్షణా పద్ధతులు' అన్న మాట పదేపదే వచ్చింది. ఏమిటా పద్ధతులు? ఒకటి చెబుతా, దాన్ని విప్పి రాయి. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి ఆయనే కార్యదర్శి. డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలితో తోసుకుంటూ పోవడం, చేయకూడదన్న షరతుతో టోర్నమెంట్లు పెట్టించారు. అలవాటు లేని కాలితోనే ఆడాలన్న పోటీలూ పెట్టించారు. ఆలోచించి చూడు. బంతిని కాళ్ల దగ్గర అట్టే పెట్టుకోవడం కుదరనప్పుడు, అది తన దగ్గరికి రాకముందే ఎవరు ఖాళీగా ఉన్నారో ఆటగాడు చూసుకోవాలి. కుడికాలి వాటం వాడు ఎడమ పక్కకి వస్తే తడబడకూడదు. ఇదంతా మైదానంలో అరిచి చెప్పకుండా పోటీ నిబంధనలోనే పెట్టేశారాయన. ఆ పంతులు బుర్ర పాఠకుడికి కనబడితే, అద్భుతం అన్న మాట నువ్వు రాయనక్కర్లేదు.

1960 రోమ్ ఒలింపిక్స్‌ని పూర్తిగా వదిలేశావు, పతకం రాలేదనేగా? ఫ్రాన్స్‌తో 1-1 డ్రా, హంగరీ చేతిలో 2-1, పెరూ చేతిలో 3-1. గ్రూపులో అట్టడుగున ఉన్నాం. కానీ ఆ హంగరీ కాంస్యం గెలిచిన జట్టు. వాళ్ల మీదా, పెరూ మీదా గోల్ కొట్టింది మన సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్. ఆ జట్టులో రహీమ్ కొడుకు హకీమ్ కూడా ఉన్నాడు, ఒక్క మ్యాచ్‌లోనూ దిగలేదు. దీని మీద వ్యాఖ్యానం చేయకు, ఊరికే చెప్పి వదిలెయ్.

ఇక జకార్తా. ఇక్కడ నువ్వు సినిమా తీశావు. దగ్గుతో మొదలుపెట్టి, డ్రెస్సింగ్ రూమ్‌లో మూడు పేరాల ఉపన్యాసం ఇప్పించావు. ఆ మాటలు రాసుకున్నదెవరు? ఆటగాళ్లు ఏళ్ల తర్వాత గుర్తు చేసుకున్నవైతే, ఫలానావారు గుర్తు చేసుకున్నారని రాయి. కొటేషన్ గుర్తుల్లో పెట్టకు.

అసలు ఉత్కంఠ వేరేచోట ఉంది. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. థాయ్‌లాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నయిల్ సింగ్ తలకి గాయమైంది. ఇంకో కోచ్ అయితే అతన్ని కూర్చోబెట్టేవాడు. రహీమ్ సెమీఫైనల్‌కి అతన్ని వెనక నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచినప్పుడు ఒక గోల్ అతనిదే. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. ఆతిథ్య దేశం ఇండోనేషియా ఆ క్రీడలకి ఇజ్రాయెల్‌నీ తైవాన్‌నీ రానివ్వని వ్యవహారంలో మన ప్రతినిధి సోంధీ అభ్యంతరం చెప్పడంతో మనమీద మండిపడి ఉన్న అక్కడి జనం, స్టేడియం నిండా. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నయిల్ ఒకటి కొట్టారు. 2-1. ఆ రోజు తేదీ 1962 సెప్టెంబర్ 4. కుట్లు పడ్డ తలతో ఉన్న డిఫెండర్‌ని ముందుకి పంపాలని ఒక కోచ్‌కి ఎందుకు తోచింది? నీ వ్యాసంలో సగం జాగా దీనికివ్వు.

క్యాన్సర్‌తో ఆయన 1963 జూన్ 11న పోయారు. అది ఒక్క వాక్యంలో చెబితే సరిపోతుంది, ఇప్పుడున్న పేజీన్నర వద్దు.

ముందు హెల్సింకి, మెల్‌బోర్న్ భాగం రాసి పంపు. స్కోర్లు, గోల్ కొట్టినవాళ్ల పేర్లు మర్నాటి పత్రికల్లో చూసి సరిచేసుకో. జకార్తా సంగతి అది చూశాక మాట్లాడదాం. శీర్షిక ఇప్పుడే పెట్టకు, 'మహామాంత్రికుడు' అయితే అసలే వద్దు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి