టెక్ సందేహాలు: రూటర్ ఆపేస్తే మీ రోబోలు ఏం చేస్తాయి?

ప్రశ్న: అమలాపురంలో బీటెక్ ఫైనలియర్ చదువుతున్నాం. చంద్రుడి మీద తిరిగే స్వార్మ్ (గుంపుగా, తమలో తామే మాట్లాడుకుని పనిచేసే) రోబోల నమూనాను ప్రాజెక్టుగా తీసుకుని, ఈఎస్పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్) బోర్డులతో నాలుగు చిన్న బండ్లు చేశాం. ల్యాప్‌టాప్ నుంచి వైఫైలో కమాండ్లు ఇస్తే చక్కగా తిరుగుతున్నాయి. అయినా మా గైడ్ ‘ఇది స్వార్మ్ కాదు’ అంటున్నారు. రివ్యూ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. ఏం మార్చాలి?

జవాబు: మీ గైడ్ గారు అన్నది నిజమే. ఒకసారి రూటర్ ఆపి చూడండి, నాలుగూ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఆలోచన అంతా ల్యాప్‌టాప్‌లోనే ఉంది, బండ్లలో లేదు. అంతరిక్షంలో ఇలా కుదరదు. చంద్రుడికి సిగ్నల్ సుమారు 1.3 సెకన్లలో చేరుతుంది గానీ, అంగారకుడికైతే దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. ముందు గొయ్యి ఉందని మనకు కబురు అంది, ఆగమని మనం చెప్పేలోపు బండి అందులో పడే ఉంటుంది.

కోతలయ్యాక మీ కోనసీమ చేలల్లోకి తోలే బాతుల మందను గమనించండి. కాపరి కర్రకు బెదిరేవి అంచున ఉన్న కొన్నే. మిగతావి పక్క బాతు ఎటు తిరిగితే అటు తిరుగుతాయి. 2014లో హార్వర్డ్‌లో మైఖేల్ రూబెన్‌స్టైన్, రాధికా నాగ్‌పాల్ బృందం చూపించిన 1,024 కిలోబాట్లు అనే బుల్లి రోబోలు కూడా అంతే. పక్కవాటితో మాత్రమే ఇన్‌ఫ్రారెడ్‌లో మాట్లాడుకుంటూ, పైనుంచి ఎవరూ నడపకుండానే అడిగిన ఆకారంలో అమరాయి.

మీకు దగ్గరి నమూనా మాత్రం చంద్రుడి కోసం నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబ్ తయారుచేసిన కేడర్. సూట్‌కేసంత రోవర్లు మూడు. ఫలానా ప్రాంతం చూసి రమ్మన్న పని మాత్రమే భూమి నుంచి అందుతుంది. వేడెక్కిపోకుండా అరగంటకోసారి ఆగి చల్లబడతాయి. లేచిన ప్రతిసారీ ఒకదాని పరిస్థితి ఒకటి తెలుసుకుని మళ్లీ లీడర్‌ను ఎన్నుకుంటాయి. ఒక రోవర్ నేలలోకి పంపిన రాడార్ తరంగాలను మిగతావీ అందుకుని, సుమారు 10 మీటర్ల లోతు దాకా ఏముందో పట్టిస్తాయి. వేర్వేరు చోట్ల నిలబడి ఒకే తరంగాన్ని వినడం ఒంటరి రోవర్‌కు సాధ్యం కాదు. ఈ మిషన్‌లో నాకు బాగా నచ్చింది అదే.

మీ బోర్డుల్లోనే ఈఎస్పీ-నౌ (బోర్డులు నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) ఉంది, దానికి రూటర్ అక్కర్లేదు. ప్రతి బండీ సెకనుకోసారి తన నంబరు, బ్యాటరీ, చేస్తున్న పని చాటాలి. బ్యాటరీ ఎక్కువున్నది లీడర్, సమానమైతే చిన్న నంబరుది. మూడు సెకన్లు లీడర్ గొంతు వినబడకపోతే మళ్లీ ఎన్నిక. ఇక్కడ ఒక చిక్కుంది. మోటార్లు తిరిగినప్పుడల్లా వోల్టేజ్ పడిపోయి లీడర్ క్షణక్షణం మారిపోతుంటుంది. కాబట్టి బండి ఆగి ఉన్నప్పుడే కొలవండి, ఎన్నికైన లీడర్‌కు కనీసం ఒక నిమిషం గడువివ్వండి. రివ్యూలో ఎగ్జామినర్‌నే అడిగి ఏదో ఒక బండి స్విచ్ ఆఫ్ చేయించండి. దాని పని మిగతా మూడూ పంచుకుంటే మీ ప్రాజెక్టు నిలబడినట్టే.

ప్రశ్న: రాజోలు దగ్గర హైస్కూల్ టీచర్‌ని. రోబోలు కొనకుండా పిల్లలకు ఇది చూపించవచ్చా?

జవాబు: తప్పకుండా. నెట్‌లోగో వెబ్ (గుంపుల ప్రవర్తనను తెరపై నడిపి చూపే సాఫ్ట్‌వేర్) ఉచితం, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. అందులో ‘ఫ్లాకింగ్’ (పక్షుల గుంపు) నమూనా తెరిచి స్లైడర్లు పిల్లల చేతే జరిపించండి.

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. ఇలాంటి చిన్న రోబోలను వదిలి డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) చూసుకోవచ్చా?

జవాబు: ఆలోచన మంచిదే. గురుగ్రహపు చందమామ యూరోపాలో మంచు కింద ఉందని భావిస్తున్న సముద్రం కోసం నాసా జానెడంత కూడా లేని ఈత రోబోల గుంపుపై పనిచేసింది. 2024లో ఒక నమూనాను ఈత కొలనులో పరీక్షించారు. కానీ మీ చెరువుకు ఇప్పుడే వద్దంటాను. ఎన్ని రోబోలుంటే అన్ని ప్రోబులు (ఆక్సిజన్ కొలిచే సెన్సర్లు). నీళ్లలో ప్రతి ప్రోబుకీ నాచు, జిగురు పడతాయి. అన్నీ తుడిచి కాలిబ్రేట్ చేసే (కొలత సరిచూసే) ఓపిక ఎవరికుంటుంది? ఆ డబ్బుతో ఒక మంచి చేతి డీవో మీటర్ కొనండి. తెల్లవారుజామునే, ఏరేటర్లకు (నీటిలో గాలి కలిపే యంత్రాలకు) దూరంగా ఉన్న మూలల్లో, అడుగున కూడా చూడండి. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గుతుంటే ఏరేటర్లు పెంచాల్సిందే.