పిస్ట్ పక్కన ఇరవై మీటర్లే కదా!

మీరు అడిగింది ఇదీ: మూడో సీజన్ స్కీయింగ్, రెడ్ రన్‌లు (మధ్యస్థంగా కష్టమైన వాలులు) ఇబ్బంది లేకుండా దిగుతారు, ఫిబ్రవరిలో ఫ్రెండ్స్‌తో స్విట్జర్లాండ్‌లోని స్కీ ఊరు వెర్బియే వెళ్తున్నారు. పిస్ట్ (చదును చేసి గుర్తులు పెట్టిన స్కీ దారి) పక్కనే తాజా మంచులో అందరూ దిగుతుంటారు కాబట్టి మీరూ దిగొచ్చా, గైడ్ ఉండాలా అని.

మూసేసిన చోట్లు తప్పిస్తే స్విట్జర్లాండ్‌లో మిమ్మల్ని ఎవరూ ఆపరు. చిక్కంతా అక్కడే ఉంది.

నేను జ్యూరిక్‌లో ఉంటాను. నాలుగో సీజన్లో నాకూ ఇదే బుద్ధి పుట్టింది. రెండు రెడ్ రన్‌ల మధ్య వాలు, రాత్రి పడిన ముప్పై సెంటీమీటర్ల మంచు, అప్పటికే ఆరేడు మంది దిగిన గీతలు. నలుగురితో నారాయణ అనుకుని దిగాను. మూడు మలుపులు తిరిగానో లేదో, స్కీ ముక్కు మంచులో దిగబడి బోర్లా పడ్డాను. గోదావరి ఇసుకలో సైకిల్ తొక్కిన వాళ్ళకి ఈ పడటం ఎలా ఉంటుందో తెలుసు. లేచి చూసుకుంటే కుడి కాలికి స్కీ లేదు.

పడిన చోటు నుంచి కిందికి వెతుక్కుంటూ పోయాను. వెతకాల్సింది పైకి. మనం ముందుకు ఎగిరిపడతాం, స్కీ మాత్రం ఊడిన చోటే మంచులోకి దూరిపోతుంది. ఆ సంగతి అప్పటికి తెలియదు. చేతిలో స్కీ కర్ర తిరగేసి అంగుళం అంగుళం పొడుస్తుంటే, నలభై నిమిషాలకి 'టక్' మంది. బూటు అడుగున మంచు గట్టిపడి బూటుని స్కీకి బిగించే బైండింగ్ పట్టలేదు, అది గీకడానికి ఇంకో ఐదు నిమిషాలు. ఇరవై మీటర్ల అవతల పిస్ట్ మీద ఆరేళ్ళ పిల్లల స్కీ స్కూల్ వరసగా పోతూ నన్నే చూస్తోంది.

ఆ రాత్రి నన్ను పట్టుకున్నది ఆ నలభై నిమిషాలు. మంచు చరియ కింద పూడిపోయిన మనిషికి ఊపిరి అందే అవకాశం పది, పదిహేను నిమిషాలు దాటితే వేగంగా పడిపోతుంది. పడిన చోటు తెలిసిన స్కీకే నాకు అంతసేపు పట్టింది. అందుకే ట్రాన్స్‌సీవర్ (పూడిపోయినవాళ్ళ జాడ చెప్పే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో పొడిచి వెతికే పొడవాటి కడ్డీ), పార మీ ఒక్కరి దగ్గరే ఉంటే లాభం లేదు, పక్కవాళ్ళకీ ఉండాలి, వాడటం వచ్చుండాలి. అవి ఉన్నా హామీ లేదు. డచ్ యువరాజు ఫ్రిసో 2012 ఫిబ్రవరిలో ఆస్ట్రియాలోని లెఖ్‌లో, చరియల ప్రమాద స్థాయి ఐదులో 4 ఉన్న రోజున, పిస్ట్ బయట చరియలో చిక్కుకున్నారు. ట్రాన్స్‌సీవర్ ఉన్నా బయటికి తీసేసరికి దాదాపు పాతిక నిమిషాలు. కోమాలోకి వెళ్ళి మరుసటేడు చనిపోయారు. ఫార్ములా వన్ ఛాంపియన్ షూమాకర్ సంగతి తెలిసిందే: ఫ్రాన్స్‌లోని మెరిబెల్‌లో, 2013 డిసెంబర్ 29న, రెండు రన్‌ల మధ్య, పిస్ట్ అంచుకి కొద్ది మీటర్లలో మంచు కింద రాయి తగిలింది. హెల్మెట్ ఉంది కూడా.

పిస్ట్ మీద రాళ్ళూ చరియలూ ఎవరో చూసిపెట్టారు. గుర్తు కర్ర దాటితే ఆ పని మీది. ముందు వెళ్ళినవాళ్ళ గీతలు చెప్పేది వాళ్ళు వెళ్ళారని మాత్రమే.

వెర్బియేలో పసుపు గుర్తులున్న ఐటినెరరీలు అనే దారులు ఉంటాయి, తోర్తాన్ లాంటివి. చరియల నుంచి భద్రత చూస్తారు కానీ మంచు చదును చేయరు, సాయంత్రం గస్తీ ఉండదు. తెరిచి ఉన్నప్పుడు మొదలుపెట్టాల్సింది అక్కడ. ఒక్కటే మాట, తోర్తాన్ నిలువు వాలు, పైగా గుట్టలు గుట్టలు. రెడ్ రన్ వచ్చినంత మాత్రాన సరిపోదు.

గైడ్ ఖర్చు రోజుకి కొన్ని వందల ఫ్రాంకులు. నలుగురు పంచుకుంటే ఆ ఊళ్ళో రెండు డిన్నర్ల బిల్లు. మొదటి రోజే పెట్టుకోండి. అంతకు ముందు సాయంత్రం ఐదింటికి దావోస్‌లోని మంచు, చరియల పరిశోధన సంస్థ ఎస్‌ఎల్‌ఎఫ్ చరియల ప్రమాద బులెటిన్ వస్తుంది, చూడండి. స్థాయిలు ఐదు కాబట్టి 3 అంటే మధ్యస్థం అనుకుంటారు. స్విస్ చరియ మరణాల్లో దాదాపు సగం ఆ 3 ఉన్న రోజుల్లోనే. స్విస్ ప్రభుత్వ మ్యాప్ సంస్థ స్విస్‌టోపో మ్యాప్‌లో 30 డిగ్రీలు దాటిన వాలుకి రంగు వేసి ఉంటుంది. నాకైతే 3 ఉన్న రోజున గైడ్ లేకుండా ఆ రంగు మీదకీ, దాని కిందకీ వెళ్ళే ధైర్యం లేదు.

ఇప్పుడు నా రెండు స్కీలకీ నారింజ రంగు రిబ్బన్ కట్టి, ప్యాంటు అంచులోకి దోపుకుంటాను. ఊడితే తోకలా పైన తేలుతుంది. ఫ్రెండ్స్ నవ్వుతారు, నవ్వనీండి.