పేపర్‌కింత అని రేటు కట్టకురా శీనూ

శీనూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "మావాడు రీసెర్చ్ డీన్ అయ్యాడే అక్కా" అని ఒకటే సంబరం. నాకూ సంతోషమేరా, కానీ ఫోన్ పెట్టేశాక గుబులు మొదలైంది, ఎందుకంటే మీ మేనేజ్‌మెంట్ నీకేం చెప్పి ఉంటుందో నువ్వు చెప్పకపోయినా తెలుసు, కాలేజీలకి కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంక్ పైకి రావాలి, స్కోపస్ అనే జర్నల్స్ డేటాబేస్‌లోకి ఎక్కే పేపర్లు డబుల్ అవ్వాలి. అవునా కాదా?

చిన్నవి ముందు చెప్పేస్తా. 2025 జనవరిలో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్, అదే ప్రభుత్వమే జర్నల్స్‌కి చందా కట్టే స్కీమ్, మొదటి విడత ప్రభుత్వ సంస్థలకే, మీది ప్రైవేట్, కాబట్టి జర్నల్స్ బడ్జెట్ గట్టిగా అడుగు. మెషీన్ కొనేముందు ఐ-స్టెమ్ పోర్టల్ చూడు, 2020లో మన బెంగళూరులోనే మొదలైంది, ఏ ఎక్విప్‌మెంట్ ఎక్కడుందో చూసి స్లాట్ బుక్ చేసుకోవచ్చు. కోట్లు పోసి కొని, ఏడాదేడాది మెయింటెనెన్స్‌కి ఏఎంసీ కట్టలేక గుడ్డ కప్పేసిన మెషీన్లు చాలా చూశాన్లే.

ఇక అసలు సంగతి. పేపర్‌కి ఇంత అని డబ్బులిచ్చే స్కీమ్ మాత్రం పెట్టకు.

నేను చివర్లో చేసిన కాలేజీలో (పేరెందుకులే) ఇదే పెట్టారు. ఆ ఏడాది పేపర్లు కుప్పలుతెప్పలు, యాన్యువల్ డేకి శాలువాలు, ల్యాబ్‌లో విషవాయువుల్ని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ మాత్రం అలాగే పాడై ఉంది. తర్వాత ఒకమ్మాయి పీహెచ్‌డీ వైవాకి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్, స్క్రీన్ మీద ఎస్‌ఈఎమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఫొటో చూసి ఆగమన్నాడు. కింద మూల కొడవలిలా ఒక సన్న గీత. అదే గీత ఇంకో పేపర్లో, ఇంకో మెటీరియల్ పేరుతో, పై మూల ఉంది, ఫొటోని తలకిందులు చేసి వాడేశారు. చేసింది ఆ పిల్ల కాదు, గైడు, మార్చి 31 లోపల పేపర్ చూపిస్తేనే ఇన్సెంటివ్ అని ఆయన తొందర. ఫస్ట్ ఆథర్ మాత్రం ఆ పిల్ల. పేపర్ రిట్రాక్ట్ అయింది, అంటే జర్నల్ వాళ్లు వెనక్కి తీసేసుకున్నారు, గైడుకి ఒక మెమో, పిల్లకి కొత్త గైడు, పని మళ్లీ మొదట్నుంచి. ఇచ్చిన డబ్బు మాత్రం ఎవరూ వెనక్కి అడగలేదు! హిందూపురంలో వాళ్ల నాన్న బట్టల షాపులో గుమస్తా, నా రూంలో కూర్చుని "ఇంట్లో ఏమని చెప్పను మేడమ్" అంటుంటే నాకు మాట రాలేదు.

ఇప్పుడైతే ర్యాంక్ కూడా దక్కదు, రిట్రాక్షన్లు ఉంటే 2025 నుంచి ఎన్‌ఐఆర్‌ఎఫ్ వాళ్లే మార్కులు కోస్తున్నారు. ఇంకోటి, థీసిస్ ఇవ్వాలంటే పేపర్ తప్పనిసరి అన్న రూల్‌ని యూజీసీ 2022లోనే తీసేసింది, మీ దగ్గర ఇంకా రెండు అడుగుతున్నారట, ముందు అది తీయించు.

చేతిలో డబ్బుంటే మనుషులకి టైం ఇవ్వు. యూజీసీ 2018 రూల్స్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల క్లాసులు, మీ వాళ్లు అంతకు మించి చెప్పించి, అడ్మిషన్ల సీజన్లో పేరెంట్స్‌కి ఫోన్లు కూడా చేయించి, ఆపైన రీసెర్చ్ ఏదీ అంటే ఎక్కణ్ణుంచి వస్తుందిరా? నిజంగా పని చేసేవాళ్లకి క్లాసులు తగ్గించు. స్కాలర్ల స్టైపెండ్ నెలనెలా పడుతోందో లేదో అకౌంట్స్ సెక్షన్‌కి నువ్వే వెళ్లి కూర్చుని చూడు, డీన్‌ని కదా అని నామోషీ పడకు.

నా భయమంతా నీ మొహమాటం గురించే. చిన్నప్పుడు ఎవడడిగినా బ్యాట్ ఇచ్చేసి, ఇంటికొచ్చి నా ఒళ్లో ఏడ్చేవాడివి. ఇప్పుడు "డీన్ గారు, గౌరవంగా మీ పేరు కూడా పెట్టాం" అని పేపర్లు పట్టుకొస్తారు. నువ్వు చెయ్యని పనికి నీ పేరు పెట్టనివ్వకు, వాళ్లకి కోపమొస్తే రానీ. నీ సొంత ల్యాబ్‌కి వారంలో ఒక పూటైనా వెళ్లు, మీటింగుల్లో పడి అది వదిలేశావంటే నేనే వచ్చి చెవి మెలేస్తా, యాభైకి దగ్గరపడ్డావని చూడను.

శనివారం సాయంత్రం ఇంటికి రా, పెసరట్లు వేస్తా. కారు తేకు, మల్లేశ్వరం ఎయిత్ క్రాస్‌లో పార్కింగ్ దొరకదు, మెట్రోలో సంపిగె రోడ్ దగ్గర దిగు. ఆ ఇన్సెంటివ్ పాలసీ డ్రాఫ్ట్ ఈసరికే రాసేసుంటే ప్రింట్ తీసుకురా, ఫోన్లో నాకు అక్షరాలు కనబడవు.

మీ పెద్దమ్మ