గిటార్ వెనక గీత, తమ్ముడి మీద కోపం

ప్రశ్న: జీతంలో కొంత కొంత మిగుల్చుకుని, ఎన్నో వాయించి చూశాక ఒక అకూస్టిక్ గిటార్ కొనుక్కున్నాను. నేను ఇంట్లో లేనప్పుడు తమ్ముడు దాన్ని తీసి వాయించాడు. వాడి బెల్టు బకిల్ గీరుకుని వెనకవైపు పొడవాటి గీత పడింది. ఏమీ ఎరగనట్టు కేసులో పెట్టేశాడు. వాడితో మాట్లాడడం మానేశాను. "వెనకనున్న గీత ఎవరికి కనబడుతుందే" అని అమ్మ నన్నే తప్పుపడుతోంది. ఇప్పుడు గిటార్ తీస్తే వాయించడం కంటే ఆ గీతను చూసుకోవడమే ఎక్కువైంది.

సమాధానం: ఎవరికీ కనబడనంత మాత్రాన గీత లేకుండా పోదు, ఇష్టపడి కొనుక్కున్న వస్తువు పాడైనప్పుడు మనసు కష్టపడడం అతిశయమూ కాదు. మీ అమ్మగారు ఇంట్లో గొడవ సర్దుమణగాలనే అలా అని ఉంటారు గానీ, ఆ మాట మీకు ఊరటనివ్వకపోవడం సహజమే.

అయితే మీ ఉత్తరంలో ఒక విషయాన్ని మీరు విచారించకుండానే తేల్చేసుకున్నారు. వాయించేటప్పుడు గిటార్ వెనక పలక వాయించేవారి ఒంటికి ఆనుకుని ఉంటుంది; కేసులో పెట్టినప్పుడు అదే అడుగుకు పోతుంది. బకిల్ గీతలు చాలావరకు వాయించేవారికి తెలియకుండానే పడతాయి. కాబట్టి మీ తమ్ముడు చూసి దాచాడో, అసలు చూడనే లేదో అడిగితే తప్ప తెలియదు. అడగకుండా వాయించడం తప్పే. కానీ మీరు మాట్లాడడం మానేసింది ఆ తప్పుకు కాదు, దాచాడన్న అనుమానానికి.

అందరి ముందూ కాకుండా, అతను ఒంటరిగా ఉన్నప్పుడు గీతను చూపించి, "ఇది నీకు అప్పుడే తెలుసా?" అని మాత్రం అడగండి. పాత లెక్కలేవీ ఆ మాటలో కలపకండి. తెలియదంటే నమ్మండి. తెలిసీ భయపడి చెప్పలేదని ఒప్పుకుంటే, గీత కంటే దాచినందుకే కష్టం కలిగిందని సూటిగా చెప్పి, బాగుచేయించే ఖర్చులో కొంత భరించమనడంలో తప్పులేదు.

ఇక గిటార్ సంగతి. గీత మీద గోరు అడ్డంగా నడిపి చూడండి. గోరు ఎక్కడా తట్టకపోతే అది పైపూతలోనే ఉన్నట్టు. నిపుణులు సన్నని పాలిషింగ్ కాంపౌండ్‌తో దాన్ని దాదాపు కనబడకుండా చేయగలరు. గోరు తడితే, చుక్క చుక్కగా పూత నింపి, ఆరాక సమం చేయాల్సి ఉంటుంది. నైట్రోసెల్యులోజ్ లాకర్ అనే రకం పూత అయితే పాతదానిలో కొత్తది కరిగి కలిసిపోతుంది గానీ, పాలియురెథేన్ పూత అలా కలవదు గనుక వెలుతురు పడే కోణాన్నిబట్టి జాడ కొంచెం మిగలవచ్చు. సిలికోన్ ఉన్న పాలిష్‌లు మీరే రుద్దకండి. తర్వాత వేసే పూత పట్టదు. అన్నిటికంటే ముఖ్యంగా, గిటార్ ముందువైపు రంధ్రమైన సౌండ్‌హోల్‌లోంచి చిన్న అద్దం, దీపం పెట్టి లోపలివైపు చూడండి. చెక్క పోగుల వెంట చీలిక కనిపిస్తేనే తొందరపడాలి. గాలి పొడిబారితే అది పెరుగుతుంది. చీలిక లేకపోతే ఈ గీత వల్ల నాదంలో తేడా రాదు.

అమెరికన్ గాయకుడు విల్లీ నెల్సన్ 1969 నుంచి వాయిస్తున్న 'ట్రిగ్గర్' గిటార్‌కు రంధ్రమే పడిందని ఎవరైనా మిమ్మల్ని ఓదార్చవచ్చు. ఆ ఉదాహరణ మీకు సరిపోదని నా అభిప్రాయం. ఆ అరుగుదల ఆయన చేతులదే. మీ గీత మిమ్మల్ని అడగని చేతులది. అందుకే మరమ్మతు కంటే ముందు తమ్ముడితో మాట్లాడమంటున్నాను.

ఇకముందు అతను ఆ గిటార్ ముట్టుకోవచ్చో లేదో కూడా అప్పుడే తేల్చండి. వద్దనుకుంటే మొహమాటపడకుండా వద్దనండి. సరేననుకుంటే, ముందుగా అడగాలని, బెల్టు తీసి కూర్చోవాలని చెప్పండి.